పాతవే కొనండి, కానీ మీ కొలత తెలుసుకుని

ఈ మధ్య డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగువారింటికి భోజనానికి వెళ్లినా, పెరుగన్నంలోకి వచ్చేసరికి మాట గోల్ఫ్ మీదకి మళ్లుతోంది. మీరూ గమనించే ఉంటారు. ఒకప్పుడు ఇవే బల్లల దగ్గర టెన్నిస్ బంతి క్రికెట్ లీగులు, ఇళ్ల ధరలు, గ్రీన్‌కార్డు కబుర్లు నడిచేవి. ఇప్పుడు పిల్లలు కాలేజీలకి వెళ్లిపోయారు, క్రికెట్టుకి మోకాళ్లు సహకరించడం లేదు, శనివారం పొద్దున కాస్త తీరిక దొరుకుతోంది. ఊరు కూడా అందుకు తగ్గట్టే ఉంది. టాప్‌గోల్ఫ్ ప్రధాన కార్యాలయం డాలస్‌లోనే ఉంది. పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో ఫ్లోరిడా వదిలి ఫ్రిస్కోకి వచ్చేసింది. అంటే మన కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉన్న ఊరికే. పైగా తెలుగు ఇంటి కుర్రాడు, కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన సాహిత్ తీగల, 2023లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాక ఇది మనవాళ్లు ఆడే ఆటేనన్న ధైర్యం చాలా ఇళ్లలోకి వచ్చింది.

అలా మొదలుపెట్టినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, మార్కెట్‌ప్లేస్‌లో ఒక పాత క్లబ్బుల సెట్టు ఉంది, బ్యాగుతో కలిపి రెండొందల యాభైకి ఇస్తానంటున్నాడు. తీసేసుకోనా? లేకపోతే మా ఆఫీసులో అంటున్నట్టు ముందు ఫిట్టింగ్‌కి వెళ్లనా?"

నా జవాబు ఎప్పుడూ ఇదే: "పాతవే తీసుకో తమ్ముడూ. కానీ ఇవాళ వద్దు. ముందు నీ కొలత తెలుసుకో."

ఈ రెండు ముక్కల్నీ కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో జనం రెండు జట్లుగా చీలిపోయారు. కొత్తవాడికి ఫిట్టింగ్ ఎందుకు, స్వింగే లేనివాడికి కొలత ఏమిటి, ఏ పాత సెట్టైనా పర్లేదు అనేవాళ్లు ఒక జట్టు. తనకి సరిపోని క్లబ్బుతో మొదలుపెట్టినవాడు తప్పుడు అలవాట్లే నేర్చుకుంటాడు, కాబట్టి మొదటి రోజే ఫిట్టింగ్ అనేవాళ్లు ఇంకో జట్టు. రెండు జట్లూ చెప్పేది నిజమే. చిక్కంతా ఎక్కడంటే, ఫిట్టింగ్ అనే ఒక్క పేరు కింద రెండు వేరువేరు పనులున్నాయి. ఒకటి మీ ఒంటిని కొలవడం. రెండోది మీ స్వింగుని కొలవడం. మీ ఎత్తు, చేతుల పొడవు, అరచేతి వెడల్పు ఈ నెలా వచ్చే నెలా ఒకటే. మీ స్వింగు మాత్రం వారం వారం మారుతుంది. ఎదిగే పిల్లాడికి పెళ్లి సూటు కుట్టించం, కానీ చెప్పుల సైజు చూడకుండానూ కొనం కదా.

ఒంటి కొలతలో అన్నిటికంటే ముఖ్యమైనది మణికట్టు నుంచి నేలకి ఉన్న దూరం. ఆడేటప్పుడు వేసుకునే బూట్లు వేసుకుని, నిటారుగా నిలబడి, చేతులు వదులుగా కిందికి వేలాడేయండి. ఇంట్లో ఎవరినైనా టేపు పట్టమనండి, మణికట్టు మడత దగ్గర నుంచి నేల దాకా. మీరే కొలుచుకుంటే ఒంగుతారు, లెక్క తప్పుతుంది. దుకాణాల్లో దొరికే మామూలు మగవాళ్ల క్లబ్బులు సుమారు 5 అడుగుల 9, 10 అంగుళాల మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. అలాంటివాడికి ఈ దూరం 34 అంగుళాలకి అటూ ఇటూగా వస్తుంది. ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు. ఆరడుగుల మనిషికి చేతులు పొడవుగా ఉంటే మామూలు క్లబ్బులే సరిపోవచ్చు. 5 అడుగుల 7 అంగుళాల మనిషి చేతులు పొట్టివైతే, అతనికి కావలసిన పొడవు మీరు ఊహించిన దానికంటే ఎక్కువే ఉండొచ్చు.

ఈ కొలతల గొడవని మామూలు ఆటగాళ్ల దాకా తెచ్చినవాళ్లలో కార్‌స్టెన్ సోల్‌హైమ్ పేరు ముందు చెప్పుకోవాలి. 1911లో నార్వేలో పుట్టి, పసితనంలోనే అమెరికా చేరినవాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు, ఈయన కూడా ఆ పని చేశాడు. తర్వాత జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీరయ్యాడు. గోల్ఫ్ పట్టుకున్నది నలభై దాటాక, తోటి ఉద్యోగులు పిలిస్తే. పట్టింగ్ కుదరక, లోపం తనలోనే కాదు చేతిలోని పట్టర్‌లోనూ ఉందని అనుమానించి, 1959లో సొంత గరాజ్‌లో పట్టర్ తయారుచేశాడు. బంతికి తగిలినప్పుడు వచ్చే చప్పుడు మీదే దానికి పింగ్ అని పేరు పెట్టాడు. చెప్పులు కుట్టే ఇంట్లో పెరిగినవాడికి పాదాలన్నీ ఒకే కొలత కావని ఎవరూ చెప్పనక్కర్లేదు. 1970లలో ఆ కంపెనీ ఐరన్ల కోణాన్ని రంగు చుక్కలతో సూచించే పద్ధతి తెచ్చింది. క్లబ్బు తల మీద నల్ల చుక్క ఉంటే మామూలు కోణం. నీలం, ఆకుపచ్చ అయితే షాఫ్టు, అంటే క్లబ్బు కాడ, ఇంకా నిటారుగా లేచి ఉంటుంది. ఎరుపైతే కాస్త పడుకుని ఉంటుంది. పాత పింగ్ ఐరన్లు కొనేటప్పుడు ఈ చుక్క ఒక్కటి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. సీరియల్ నంబరు ఇచ్చి అడిగితే ఆ క్లబ్బు ఫ్యాక్టరీ నుంచి ఏ కొలతలతో బయటికి వచ్చిందో కంపెనీవాళ్లే చెప్తారు. పాత సామాను కొనేవాడికి ఇంతకంటే పెద్ద సాయం ఇంకేముంటుంది?

ఆ కోణాన్నే గోల్ఫ్‌లో లై అంటారు. క్లబ్బుని నేల మీద ఆనించినప్పుడు అడుగు భాగం నేలకి సమంగా కూర్చోవాలి. ముక్కు, అంటే షాఫ్టుకి దూరంగా ఉన్న కొస, గాల్లోకి లేస్తే కుడిచేతివాటం వాళ్లకి బంతి ఎడమకి పోతుంది. మడమ లేచి ముక్కు నేలలో దిగబడితే కుడికి పోతుంది. స్వింగులో ఏ తప్పూ లేకపోయినా సరే. ఇది ఎంత పని చేస్తుందో మా ఇంట్లోనే చూశాను.

మా మేనకోడలు ప్లేనోలో ఉంటుంది. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. భర్త ఆరడుగులవాడు. అతను కొత్త సెట్టు కొనుక్కుని, పాతది భార్యకి ఇచ్చాడు. మన ఇళ్లలోనే కాదు, ఎక్కడైనా ఆడవాళ్లు గోల్ఫ్ మొదలుపెట్టేది ఎక్కువగా ఇలాగే. రేంజిలో ఒకరోజు నన్ను పిలిచింది. "మావయ్యా, అన్నీ ఎడమకే పోతున్నాయి. కోచ్ చెప్పినట్టే తిప్పుతున్నాను. ఎందుకు?"

నిలబడమన్నాను. 7 ఐరన్ పట్టుకుని నిలబడింది. గ్రిప్పు చివర దాదాపు పొట్టకి తగులుతోంది. చేతులు సాగే చోటు లేక మోచేతులు వంగిపోయాయి. కింద క్లబ్బు ముక్కు ఎంత లేచి ఉందంటే, దాని కింద స్కోరు కార్డు మడిచి దూర్చినా ఇంకా సందు మిగిలింది. అప్పుడు ఒక చిన్న పని చేశాం. మార్కర్ పెన్నుతో బంతి మీద లావుపాటి నిలువు గీత గీసి, ఆ గీత క్లబ్బు ముఖం వైపు ఉండేలా పెట్టి కొట్టమన్నాను. కొట్టిన తర్వాత గీత ముద్ర క్లబ్బు ముఖం మీద పడుతుంది. లై సరిగ్గా ఉంటే ముద్ర నిలువుగా ఉండాలి. ఆమెది గాలికి ఒరిగిన రాటలా వాలిపోయి ఉంది. మళ్లీ కొట్టించాను, మళ్లీ అంతే. ఆ ఒరుగుడు ఆమె చేతుల్లోది కాదు, ఆ ఇనుములోది.

"కోయిస్తే సరిపోతుందేమో మావయ్యా?" అని భర్త అడిగాడు. చాలామందికి తోచే ఉపాయమే. అర అంగుళం వరకైతే ఫరవాలేదు. అంతకు మించి కోస్తే రెండు నష్టాలు. షాఫ్టు పొట్టిదయ్యేకొద్దీ బిర్రు పెరుగుతుంది, నెమ్మదిగా తిప్పేవాళ్లకి అది అసలు పనికిరాదు. తల బరువు చేతికి తెలియకుండా పోతుంది, అప్పుడు క్లబ్బు ఎక్కడుందో తెలియక కొత్తవాళ్లు మణికట్లతో గుంజడం మొదలుపెడతారు. అందుకని వాడిన క్రీడాసామాను అమ్మే కొట్లో ఆడవాళ్ల ఐరన్లు వెతికాం. గ్రాఫైట్ షాఫ్టు, ఎల్ ఫ్లెక్స్ (ఫ్లెక్స్ అంటే షాఫ్టు ఎంత వంగుతుందన్నది, ఎల్ ఆడవాళ్లకి చేసేది), మగవాళ్ల వాటికంటే అంగుళం పొట్టి. ఇద్దరూ రెస్టారెంటులో భోంచేస్తే అయ్యే దానికంటే మరీ ఎక్కువేం కాలేదు. ఆ రోజే బంతులన్నీ తిన్నగా పోయాయని చెప్పను. ఎడమకి పోకుండా ఆపడానికి ఆమె ఒళ్లు అప్పటికే కుడికి నెట్టడం నేర్చుకుంది. అది వదలడానికి కొన్ని వారాలు పట్టింది. మొదటి రోజే ఫిట్టింగ్ అనే జట్టు భయపడేది దీనికే, ఆ భయం న్యాయమైనదే. సరిపోని క్లబ్బుకి ఒళ్లు సర్దుకుంటుంది, ఆ సర్దుబాటే స్వింగైపోతుంది.

అందరూ మరిచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. పాత క్లబ్బు అంటే కొలత లేని క్లబ్బు కాదు. అది ఇంకొకరి కొలతకి చేసిన క్లబ్బు అయ్యుండొచ్చు. డబ్బున్న పేటల్లో, ఎస్టేట్ సేల్స్‌లో దొరికే మంచి సెట్లు తరచుగా అలాంటివే. ఎవరో పెద్దమనిషి ఫిట్టింగ్ చేయించుకుని, అర అంగుళం పెంచి, రెండు డిగ్రీలు నిటారు చేయించి, లావు గ్రిప్పులు వేయించుకుని ఉంటాడు. చూడ్డానికి కొత్తగా మెరుస్తుంటాయి, మీ చేతిలో మాత్రం పనిచేయవు. అందుకే పాతవి కొనేవాడికే తన కొలత మరీ ఎక్కువ తెలిసుండాలి. కొట్లో కొత్తవి కొంటే కనీసం అక్కడివాడైనా అడుగుతాడు. గరాజ్‌లో అమ్మేవాడు అడగడు.

ఇక పాతవి కొంటే ఆటలో వెనకబడతామేమో అన్న బెంగ వద్దు. దానికి కారణం నిబంధనల్లోనే ఉంది. డ్రైవర్ తల పరిమాణం 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదని 2004 నుంచి హద్దు ఉంది. క్లబ్బు ముఖం బంతిని స్ప్రింగులా ఎంత వేగంగా తోయొచ్చో దానికీ హద్దు ఉంది. పెద్ద కంపెనీలన్నీ ఆ హద్దుల దగ్గరికి ఎప్పుడో చేరుకున్నాయి. మధ్యలో తగలని బంతిని కాస్త మన్నించే గుణం ఏటేటా మెరుగవుతోంది, నిజమే. కానీ ఐదారేళ్ల కిందటి డ్రైవర్‌కీ ఈ ఏటి దానికీ తేడా పట్టేంత నిలకడ కొత్తవాడి స్వింగులో ఉండదు. కొత్త డ్రైవర్ ధర ఆరొందల డాలర్ల దగ్గర ఉంది. కొత్త మోడల్ రాగానే పాతదాని ధర దిగుతుంది, రెండు మూడు మోడళ్లు వచ్చేసరికి సగానికి తక్కువే. మిగిలిన డబ్బు పాఠాలకి పెట్టండి. మంచి కోచ్ దగ్గర నాలుగు పాఠాలు చేసే మేలు ఏ షాఫ్టూ చేయలేదు. ఈ మాట మీద నాకు రవ్వంత కూడా అనుమానం లేదు.

పాతవాటిలో జాగ్రత్తగా చూడాల్సింది ఐరన్ల లాఫ్టు, అంటే ముఖం వెనక్కి వాలిన కోణం. అడుగున 7 అని రాసున్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ముప్పై ఏళ్ల కిందటి 7 ఐరన్ లాఫ్టు 34, 35 డిగ్రీలుండేది. ఇప్పుడు దూరం కోసం చేసేవాటిలో 28, 30 కూడా ఉంటోంది. పాత సెట్టుతో మీ 7 ఐరన్ పక్కవాడి 7 ఐరన్ కంటే ఇరవై గజాలు తక్కువ పోతే మీరు బలహీనులని కాదు, అతని చేతిలో ఉన్నది పాత లెక్కన 5 ఐరన్. అలాగే రెండు సెట్లు కలిపి కొన్నప్పుడు, ఒక కంపెనీ పిచింగ్ వెడ్జికీ ఇంకో కంపెనీ 9 ఐరన్‌కీ ఒకే లాఫ్టు వచ్చి, రెండూ ఒకే దూరం పోవచ్చు. మోడల్ పేరు కొట్టి చూస్తే లాఫ్టుల పట్టిక దొరుకుతుంది. కొనడానికి ముందే చూసుకోండి.

చేతిలోకి తీసుకున్నాక ముందు గ్రిప్పులు చూడండి. గోటితో నొక్కితే దిగకుండా ప్లాస్టిక్‌లా గట్టిగా, నున్నగా మెరుస్తూ ఉంటే అవి చచ్చిపోయాయి. భయపడక్కర్లేదు, గ్రిప్పులు మార్చడం తేలిక, ఒక్కోదానికి పది పదిహేను డాలర్లు, పైన వేసినందుకు కొంచెం కూలి. పైగా అది మీ చేతి కొలతకి గ్రిప్పు వేయించుకునే అవకాశం. ఎడమచేత్తో పట్టుకున్నప్పుడు మధ్య రెండు వేళ్ల కొసలు అరచేతిని ఊరికే తాకాలి. లోపలికి గుచ్చుకుంటే గ్రిప్పు సన్నం, అందకపోతే లావు. తర్వాత షాఫ్టు పొడవునా వేలు పోనివ్వండి. ఉక్కుదైతే సొట్ట, గ్రాఫైట్‌దైతే పొలుసులా లేచిన చోటు తగిలిందంటే వదిలేయండి. తలని చెవి దగ్గర ఊపండి, లోపల గలగలమంటే ఏదో ఊడిందన్నమాట. డ్రైవర్ ముఖాన్నీ పైభాగాన్నీ వెలుతురులో వాల్చి చూడండి, వెంట్రుకవాసి పగులున్నా వద్దు. ఐరన్ల మీద గీతలు, మరకలు ఎన్నున్నా పర్లేదు. ఒక్క వెడ్జిల విషయంలోనే ముఖం మీది గాళ్లు అరిగిపోతే నష్టం, బంతికి స్పిన్ రాదు. నకిలీలు కూడా మార్కెట్లో తిరుగుతున్నాయి. ఈ ఏడే వచ్చిన సెట్టు పావు ధరకి ఎవరైనా ఇస్తున్నారంటే ఇక చూడక్కర్లేదు, వచ్చేయండి. రెండు మూడేళ్ల పాతవి పేరున్న కొట్లో కొంటే ఆ బాధ ఉండదు, తిరిగి తీసుకునే గడువు కూడా ఇస్తారు.

ఎన్ని కొనాలి? నిబంధన ప్రకారం బ్యాగులో 14కి మించకూడదు. అమెరికాలో ఆ హద్దు 1938లో వచ్చింది. చాలామంది ఆ 14ని గరిష్ఠమని మరిచిపోయి, నింపి తీరాల్సిన లెక్కలా చూస్తారు. 1916లో చిక్ ఇవాన్స్ యూఎస్ ఓపెన్ గెలిచినప్పుడు బ్యాగులో ఉన్నవి ఏడు క్లబ్బులు, అవీ కర్ర షాఫ్టులవి. అతని 286 స్కోరుని ఆ పోటీలో దాటడానికి ఇరవై ఏళ్లు పట్టింది. మొదటి ఏడాది మీకూ ఏడెనిమిది చాలు: లాఫ్టు ఎక్కువున్న డ్రైవర్ లేదా ఒక ఫెయిర్‌వే వుడ్, ఒక హైబ్రిడ్, 6, 8 ఐరన్లు, పిచింగ్ వెడ్జి, శాండ్ వెడ్జి, పట్టర్. 3, 4 ఐరన్లు సెట్టులో ఉచితంగా వచ్చినా ఇంట్లోనే ఉంచండి.

పట్టర్ గురించి ఇంకో ముక్క. అందరూ దీన్ని చివర్లో, మిగిలిన డబ్బుతో కొంటారు. కానీ రౌండులో అన్నిటికంటే ఎక్కువసార్లు చేతిలోకి వచ్చేది అదే, మొదటి రోజు నుంచే పొడవు సరిపడా ఉండాల్సిందీ అదే. కొట్లలో ఎక్కువగా 34, 35 అంగుళాలవి ఉంటాయి. మనలో చాలామందికి 33 బాగా కుదురుతుంది. వంగి నిలబడినప్పుడు మీ కళ్లు బంతి మీదకో, ఓ పిసరు లోపలికో రావాలి. ఇది కొట్లోనే నిలబడి చూసుకోవచ్చు, ఎవరూ డబ్బు అడగరు.

అసలైన ఫిట్టింగ్, అంటే స్వింగుని కొలిచేది, అనవసరమని నేను ఎన్నడూ అనను. అది చాలా మంచి పని, చేసేవాళ్లలో గొప్ప పనిమంతులున్నారు. ట్రాక్‌మ్యాన్ లాంటి యంత్రం ముందు నిలబెట్టి, క్లబ్బు వేగం, బంతి వేగం, లేచిన కోణం, స్పిన్, పడిన దూరం అన్నీ చూస్తారు. షాఫ్టులు మార్చి మార్చి కొట్టిస్తారు. మొత్తం బ్యాగుకైతే ఫీజే మూడు నాలుగు వందల డాలర్లుండొచ్చు. క్లబ్బులు అక్కడే కొంటే కొన్నిచోట్ల అది తగ్గిస్తారు. వచ్చిన చిక్కల్లా, ఆ యంత్రం మీరు ఆ గంటలో కొట్టిన దెబ్బల్నే కొలుస్తుంది. ఒకటి పైన తగిలి, ఒకటి నేలని తవ్వి, ఇంకొకటి మడమకి తగిలితే వాటి సగటు ఎవరి స్వింగుదీ కాదు. ఆరు నెలల పాఠాల తర్వాత మీ వేగం పెరుగుతుంది, క్లబ్బు దిగే దారి మారుతుంది. అప్పుడు ఆ రోజు ఎంచిన షాఫ్టు పనికిరాకుండా పోతుంది, దానికి పెట్టిన రెండు మూడు వేల డాలర్లు మాత్రం పోయినట్టే.

మరి ఎప్పుడు వెళ్లాలి? స్కోరు 100 దిగాక అంటారు కొందరు. నేనైతే స్కోరు కంటే తప్పుని చూడమంటాను. క్లబ్బు ముఖం మీద పాదాలకి కొట్టుకునే పౌడర్ స్ప్రే పలచగా కొట్టి, పది బంతులు కొట్టండి. మచ్చలు ముఖమంతా చెదిరి ఉంటే ఇంకా పాఠాల కాలమే. ఒక పావలా కాసంత చోట గుమిగూడితే, మధ్యలో కాకపోయినా సరే, ఫిట్టర్ దగ్గరికి వెళ్లే వేళయింది. తప్పు ప్రతిసారీ ఒకేలా జరుగుతోందంటే స్వింగు స్థిరపడిందన్నమాట, దాన్ని కొలవొచ్చు. బాబీ జోన్స్ గురించి గోల్ఫ్ లోకంలో ఒక సంగతి చెప్పుకుంటారు. ఆయన కర్ర షాఫ్టుల క్లబ్బుల్ని కేవలం చేతి స్పర్శతో ఏరుకున్నాడట. తర్వాతెప్పుడో వాటిని యంత్రంతో పరీక్షిస్తే ఒక్కటి తప్ప అన్నీ ఒకే కొలతకి వచ్చాయట. ఆ ఒక్కదానితోనే తనకి ఎప్పుడూ ఇబ్బందని ఆయన ముందే చెప్పేవాడట. ఆ స్పర్శ ఎవరికీ ఊరికే రాదు, పాతవో కొత్తవో సరిపడే క్లబ్బులతో చాలాకాలం ఆడాక వస్తుంది. అది కొంచెం వచ్చాక ఫిట్టర్ దగ్గరికి వెళ్తే, "ఇది బరువుగా ఉంది, ఇది ఆలస్యంగా తిరుగుతోంది" అని మీరే చెప్పగలుగుతారు. అప్పుడు అతను మీకు ఇంకా బాగా సాయం చేయగలుగుతాడు.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో మొదలుపెట్టేవాళ్ల లెక్క కాస్త వేరు. గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లాలో హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్, విశాఖలో ఈస్ట్ పాయింట్ ఉన్నాయి కానీ, అమెరికాలోలా వీధికో వాడిన క్లబ్బుల కొట్టు లేదు. పాత సెట్లు సభ్యుల మధ్య చేతులు మారుతుంటాయి. ఏది ఎవరి దగ్గరుందో క్లబ్ ప్రోకి, కేడీలకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు, వాళ్లనే అడగండి. లేకపోతే అమెరికా నుంచి వచ్చే చుట్టాల చేత తెప్పించుకుంటారు. అలా తెప్పించేటప్పుడు "ఏదో ఒక మంచి సెట్టు పట్రా బావా" అని వదిలేయకండి. మణికట్టు కొలత, గ్రిప్పు కొలత, ఫ్లెక్స్ రాసి పంపండి. తెచ్చాక సముద్రం దాటి వెనక్కి పంపడం ఎవరి వల్లా కాదు.

ఇక్కడైనా అక్కడైనా, కొన్నాక సెట్టుని కారు డిక్కీలో పడేసి వదిలేయకండి. టెక్సస్ వేసవిలోనూ మన మే నెల ఎండల్లోనూ ఆ వేడికి గ్రిప్పులు త్వరగా బిరుసెక్కుతాయి, తలని షాఫ్టుకి పట్టి ఉంచే జిగురు కూడా నెమ్మదిగా సడలుతుంది.

చివరిగా ఒక మనవి. మీలో చాలామంది గరాజ్‌లో వాడని సెట్టు ఒకటి గోడకి ఆనుకుని ఉంటుంది. దాన్ని కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇచ్చేయండి. ఇచ్చేముందు దాని పొడవు, ఫ్లెక్స్, మీరు మార్పించినవేమైనా ఉంటే అవి, ఒక కాగితం మీద రాసి బ్యాగు జేబులో పెట్టండి. తీసుకునేది మీ తమ్ముడైనా, ఆఫీసు స్నేహితురాలైనా, వాళ్ల ఎత్తు చూసి మరీ ఇవ్వండి.